పాఠకుల ప్రశ్నలు: రగ్బీ లీగ్‌లో దాడి ఎత్తులు ఎలా పుట్టాయి, ఎలా మారాయి

పోయిన సంచికలో రగ్బీ లీగ్ నియమాలను పరిచయం చేశాం. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ముందే అనుకుని, సాధన చేసుకుని వేసే దాడి ఎత్తులు, అంటే సెట్ ప్లేలు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: టీవీలో చూస్తే అంతా గుద్దుకోవడం, పడిపోవడం, లేవడంలాగే ఉంది. ఇందులో ముందుగా వేసుకున్న పథకాలు నిజంగా ఉంటాయా?

జవాబు: ఉంటాయి. ఆట ఆగదు కాబట్టి కంటికి ఆనవు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో ఎత్తుకూ ముందు ఆట ఆగుతుంది, ఆటగాళ్లు గుంపుగా చేరి మాట్లాడుకుంటారు. రగ్బీ లీగ్‌లో అలాంటి తీరిక స్క్రమ్ (ఆట మళ్లీ మొదలుపెట్టడానికి రెండు జట్ల ఫార్వర్డ్‌లు, అంటే బలంతో తోసుకెళ్లేవాళ్లు, ఎదురెదురుగా ముడిపడి నిలబడటం) దగ్గర, పెనాల్టీ తర్వాత ట్యాప్ (బంతిని కాలితో తాకి ఆట మొదలుపెట్టడం) దగ్గర కాస్త దొరుకుతుంది. మిగతా ఎత్తులన్నీ ప్లే ద బాల్ నుంచి, అంటే నడుస్తున్న ఆటలోంచే పుట్టాలి.

ప్లే ద బాల్ అంటే, ట్యాకిల్ అయినవాడు, అంటే ఎదుటివాళ్లు పట్టి ఆపేసినవాడు, లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక ఉన్న డమ్మీ హాఫ్ దాన్ని అందుకుంటాడు. ఎదుటి జట్టులో ఇద్దరు మార్కర్లు అక్కడే, ఒకరి వెనక ఒకరు నిలబడతారు. మిగతావాళ్లు 10 మీటర్లు వెనక్కి పోవాలి.

ఇప్పుడు లెక్క వేయండి. ఎదుటి 13 మందిలో ఇద్దరు మార్కర్లు, అందరికన్నా వెనక కాపలా ఉండే ఒక ఫుల్‌బ్యాక్ పోతే వరసలో మిగిలేది పదిమంది. మైదానం వెడల్పు 68 మీటర్లు. సమానంగా పంచితే తలా 7 మీటర్లకు కాస్త తక్కువ. కానీ ఎవరూ సమానంగా నిలబడరు. బంతి ఉన్నచోట గుమిగూడతారు, అంచుల్లో పలచబడతారు. ఆ పలచని చోట ఒక డిఫెండర్‌ను ఎంచుకుని, అతను ఎటు కదిలినా తప్పే అయ్యేలా చేయడమే సెట్ ప్లే. పదిమందినీ ఒకేసారి బోల్తా కొట్టించాలని చూసే ఎత్తు సాధారణంగా చెడుతుంది. ఒక్కడి మీద గురిపెట్టిన ఎత్తు పారుతుంది.

ప్రశ్న: మొట్టమొదట ఇలా పథకం ప్రకారం ఆడింది ఎవరు?

జవాబు: మొదటివాళ్లు ఫలానా అని చెప్పడం కన్నా, ఎత్తులకు చోటు ఎప్పుడు దొరికిందో చూడటం మేలు. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. ఆటకోసం పని మానుకున్న కార్మికులకు ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్నదే గొడవ. ఆటను నమ్ముకుని టికెట్ డబ్బుతో నడిచే క్లబ్బులవి. జనం చూడాలంటే బంతి కదలాలి. అందుకే 1897లో లైన్ఔట్ (బంతి పక్క గీత దాటాక, వరసల్లో నిలబడి లోపలికి విసిరిన బంతి కోసం పోటీ పడటం) తీసేశారు. 1906లో జట్టును 15 నుంచి 13కి తగ్గించి, ప్లే ద బాల్ తెచ్చారు. రెండు జట్లలో కలిపి నలుగురు తగ్గేసరికి వేగంగా పరుగెత్తే బ్యాక్స్ ముందు మైదానం తెరుచుకుంది.

ఆ ఖాళీని బుర్రతో వాడుకున్న జట్టుగా హడర్స్‌ఫీల్డ్‌ను చెప్పుకోవాలి. హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ కెప్టెన్‌గా 1914-15లో ఆ జట్టు నాలుగు కప్పులూ గెలిచింది. అంతకు ముందు ఏడాది, 1913-14లో, అంచున ఆడే వింగర్ ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్ ఒక్క సీజన్‌లో 80 ట్రైలు చేశాడు (ట్రై అంటే గోల్ లైన్ అవతల బంతిని నేలకు తాకించి పాయింట్లు సాధించడం). ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వీళ్ల ఆటకు ‘సైంటిఫిక్ అబ్‌స్ట్రక్షన్’ అన్న పేరు పడింది. బంతి లేని ఆటగాడు నియమం దాటకుండానే డిఫెండర్ దారికి అడ్డుగా ఉండేలా పరుగు పెడతాడు, ఆ నీడలో బంతి అంచుకు చేరుతుంది. ఈనాటి ఎర పరుగులన్నిటికీ మూలం ఈ ఆలోచనలోనే కనిపిస్తుంది. ఎర అంటే బంతి తనకే వస్తుందన్నట్టు పరుగెత్తి డిఫెండర్‌ను తనవైపు లాగేవాడు.

ప్రశ్న: మరి అరవై ఏళ్లపాటు ఎత్తులు పెద్దగా ఎందుకు పెరగలేదు?

జవాబు: బంతి ఎంతసేపు మన దగ్గర ఉంటుందో తెలియకపోతే పథకం వేయలేం. ఆ రోజుల్లో రెండు ఇబ్బందులు ఎదురెదురుగా ఉండేవి. స్క్రమ్‌లో బంతిని కాలితో లాగే హుకర్లు దాని కోసం నిజంగా పోటీ పడేవారు, ప్లే ద బాల్‌లో కూడా ఎదుటి మార్కర్ కాలితో బంతిని లాక్కోవచ్చు. కాబట్టి బంతి వస్తుందన్న భరోసా లేదు. మరోవైపు, బంతి ఒకసారి నిలదొక్కుకుంటే ట్యాకిళ్లకు లెక్కే లేదు. బలమైన జట్టు నెమ్మదిగా తోసుకుంటూ, బంతి వదలకుండా కాలం గడిపేయొచ్చు. రిస్క్ తీసుకుని పాస్ ఇవ్వాల్సిన అవసరమే ఉండేది కాదు. సిడ్నీలో సెయింట్ జార్జ్ జట్టు 1956 నుంచి 1966 వరకు వరసగా 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది ఈ లెక్కలేని ట్యాకిళ్ల కాలంలోనే.

1966 చివర ఇంగ్లండ్‌లో, 1967లో ఆస్ట్రేలియాలో బంతి ఉన్న జట్టుకు వరసగా నాలుగు ట్యాకిళ్లే అన్న పరిమితి వచ్చింది. నాలుగు మరీ తక్కువయ్యాయి. కుదురుకోకముందే సగం అయిపోయేవి, ఆట తొక్కిసలాటలా ఉండేది. ఆస్ట్రేలియాలో 1971లో, ఇంగ్లండ్‌లో 1972లో ఆరు చేశారు. ఎత్తులకు ప్రాణం పోసిన అంకె ఈ ఆరే. మూడు ట్యాకిళ్లతో కావలసిన చోటికి చేరి, ఒకదానితో డిఫెన్స్‌ను అటు లాగి, ఒకదానితో ఇటు కొట్టి, చివరికి కిక్ చేయడానికి సరిగ్గా సరిపోతుంది.

తర్వాత రెండు మార్పులు. 1983లో ట్రై విలువ 3 నుంచి 4 పాయింట్లకు పెరిగింది, ఆరో ట్యాకిల్ తర్వాత స్క్రమ్ పోయి బంతి నేరుగా ఎదుటివాళ్లకు అప్పగించే పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఆరో ట్యాకిల్ అయినా స్క్రమ్‌లో బంతి తిరిగి దక్కే ఆశ ఉండేది. అది పోయేసరికి చివరి ట్యాకిల్‌కు ముందు వేసే కిక్కు కూడా పథకంలో భాగమైంది. రెండోది 1993లో డిఫెన్స్ వెనక్కి వెళ్లాల్సిన దూరం 5 మీటర్ల నుంచి 10కి పెరగడం. 5 మీటర్ల దూరంలో ఒకరి వెనకగా మరొకరికి పాస్ ఇస్తే, అందుకునేలోపే డిఫెండర్ మీద పడేవాడు. 10 మీటర్లు ఉంటే దాడిని నడిపించే హాఫ్‌బ్యాక్ తలెత్తి చూసి నిర్ణయం తీసుకోగలడు. ఈ రోజు చూసే చాలా ఎత్తులు ఆ అదనపు 5 మీటర్ల మీదే నిలబడి ఉన్నాయి.

ప్రశ్న: పాత ఆటల వీడియోలో ట్యాప్ దగ్గర నలుగురు ఎదుటివాళ్లకు వీపులు తిప్పి గోడలా నిలబడ్డారు. అదేమిటి? ఇప్పుడు ఎందుకు కనిపించదు?

జవాబు: దాని పేరే ‘వాల్’. ముందు ట్యాప్ సంగతి చెప్పాలి. 1966లో ఇంగ్లండ్‌లోని ఛాలెంజ్ కప్ ఫైనల్‌లో సెయింట్ హెలెన్స్ 21–2తో విగాన్‌ను ఓడించింది. విగాన్ అసలు హుకర్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. అప్పటి నియమం ప్రకారం పెనాల్టీ పొందిన జట్టు బంతిని టచ్‌కు, అంటే పక్క గీత అవతలికి, కొడితే తిరిగి స్క్రమ్ జరిగేది. దాంతో సెయింట్ హెలెన్స్ కావాలనే ఆఫ్‌సైడ్ అయ్యి, అంటే ఉండకూడని చోటికి ముందుకొచ్చి, పెనాల్టీలు ఇచ్చింది. విగాన్ టచ్‌కు కొట్టడం, స్క్రమ్‌లో బంతి పోగొట్టుకోవడం! తప్పు చేసినవాడికే లాభం. ఆ తర్వాత నియమం మార్చి, టచ్‌కు కొట్టిన జట్టే ట్యాప్‌తో మొదలుపెట్టేలా చేశారు. అంటే బంతి ఖాయంగా మనది, డిఫెన్స్ దూరంగా ఉంది, మాట్లాడుకోవడానికి కొన్ని క్షణాలు ఉన్నాయి. ఎత్తు వేయడానికి ఇంతకన్నా ఏం కావాలి? 1970లలో, 80లలో ట్యాప్ ఎత్తులు విరివిగా వచ్చాయి.

వాల్‌లో ముగ్గురు నలుగురు భుజం భుజం కలిపి డిఫెన్స్‌కు వీపు పెట్టి నిలబడతారు. ట్యాప్ చేసినవాడి నుంచి బంతి వాళ్ల పొట్టల ముందుకు, అంటే డిఫెన్స్‌కు కనబడని వైపుకు చేరుతుంది. ఒక్కసారిగా అందరూ తలో దిక్కుకూ తిరిగి పరుగు తీస్తారు. బంతి ఎవరి దగ్గరుందో తెలిసేసరికి ఒకడు సందులోకి దూరి ఉంటాడు.

చూడముచ్చటగా ఉండే ఎత్తే, కానీ బలహీనతలు చాలా. బంతి అందుకునేవాడు నిలబడిన చోటు నుంచి పరుగు మొదలుపెడతాడు కాబట్టి వేగం ఉండదు. ఎదుటివాళ్లు బుర్రకు పని పెట్టకుండా, తలో మనిషిని పట్టుకుంటే కథ ముగుస్తుంది. బంతి లేనివాళ్లు డిఫెండర్లకు తగిలితే అడ్డగింత పెనాల్టీ. ఇరుకులో చేతులు మార్చేటప్పుడు బంతి జారితే చేతిలో ఉన్న ఆరు ట్యాకిళ్లూ పోతాయి. కోచ్‌లు లెక్క వేసుకుని, ట్యాప్‌ను ఒక బలమైన ఫార్వర్డ్ పరుగుతో మొదలుపెట్టి, అసలు ఎత్తు రెండో మూడో ట్యాకిల్‌లో వేయడం మొదలుపెట్టారు. 2020లో ఆస్ట్రేలియా పెద్ద లీగ్ ఎన్.ఆర్.ఎల్., రక్ (ప్లే ద బాల్ జరిగే చోటు) దగ్గర చేసే చాలా తప్పులకు పెనాల్టీ బదులు ‘సిక్స్ అగైన్’ తెచ్చింది. ఆట ఆగకుండా ట్యాకిళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ట్యాప్‌లే తగ్గాయి.

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి ఎత్తులు అరువు తెచ్చుకున్నారని అంటారు. నిజమేనా?

జవాబు: ఎత్తులకన్నా పద్ధతి తెచ్చుకున్నారు. సిడ్నీ కోచ్ జాక్ గిబ్సన్ అమెరికా వెళ్లి అక్కడి జట్ల శిక్షణ చూసి వచ్చాడు. ఎవరు ఎన్ని ట్యాకిళ్లు చేశారో లెక్కపెట్టడం, ఆట ఫిల్మ్ చూసి ఎదుటి జట్టును చదవడం ఆయన అలవాటు చేశాడు. ఈస్టర్న్ సబర్బ్స్‌తో 1974, 75లో, పారమాటాతో 1981, 82, 83లో టైటిళ్లు గెలిచాడు. అమెరికన్ ఎత్తులను ఉన్నవి ఉన్నట్టు దించుకోవడం కుదరదు. అక్కడ బంతి లేనివాణ్ణి అడ్డుకోవచ్చు, ముందుకు పాస్ ఇవ్వొచ్చు. ఇక్కడ రెండూ తప్పే.

ప్రశ్న: ఈమధ్య ప్రతి జట్టూ ఒకే ఎత్తు వేస్తున్నట్టు అనిపిస్తోంది. ముందు ఒకడు దూసుకొస్తాడు, అతని వెనక నుంచి బంతి ఇంకొకడికి పోతుంది. దాన్ని విడదీసి చెప్పండి.

జవాబు: అదే బ్లాక్ ప్లే. వెనక నుంచి వచ్చేవాడి పరుగును స్వీప్ అంటారు. నెమ్మదిగా చూద్దాం.

ఎడమ టచ్ లైన్‌కు 20 మీటర్ల దూరంలో ప్లే ద బాల్ జరుగుతోంది అనుకోండి. కుడివైపు 48 మీటర్ల మైదానం ఉంది. ఆ వైపు డిఫెండర్లను కుడి టచ్ లైన్ నుంచి లోపలికి లెక్కపెట్టాలి: ఒకటోవాడు వింగర్, రెండోవాడు సెంటర్, మూడోవాడు సెకండ్ రోవర్ (ఒక ఫార్వర్డ్), నాలుగోవాడు హాఫ్. మన ఎత్తు మూడోవాడి మీద.

డమ్మీ హాఫ్ నుంచి హాఫ్‌బ్యాక్‌కు పాస్. హాఫ్‌బ్యాక్ భుజాలు గోల్ వైపే ఉంచి, మూడోవాడికి నాలుగోవాడికి మధ్య సందు మీదికి పరుగెత్తుతాడు. ఇది చాలా ముఖ్యం, మళ్లీ దీనికే వస్తాం. అతని బయటివైపు నుంచి మన సెకండ్ రోవర్ లోపలికి కోణం తీసుకుంటూ, ఆ సందులోకే పూర్తి వేగంతో వస్తాడు. ఇతనే ఎర. చేతులు ముందుకు చాచి, బంతి కావాలని అరుస్తూ రావాలి. ఈలోగా రక్ వెనక నుంచి బయల్దేరిన ఫుల్‌బ్యాక్ వంపు తిరిగి, ఎర వెనక 4, 5 మీటర్ల లోతులో, ఎర బయటి భుజం దాటిన చోటికి చేరుతాడు. అతనికి బయట మన సెంటర్, వింగర్.

ఎర డిఫెన్స్ వరసకు రెండు మూడు మీటర్ల దూరంలోకి వచ్చేసరికి హాఫ్‌బ్యాక్ మూడోవాడి నడుము చూస్తాడు. ముఖం మోసం చేస్తుంది, నడుము చేయదు. నడుము బయటికి తిరిగి ఉంటే అతను ఫుల్‌బ్యాక్ కోసం జారుతున్నాడు. బంతి చిన్న పాస్‌తో ఎరకు. నడుము ఎర వైపు కుదురుకుంటే బంతి వెనక నుంచి ఫుల్‌బ్యాక్‌కు. ఇప్పుడు బయట మనవాళ్లు ముగ్గురు, వాళ్లవాళ్లు ఇద్దరు. నాలుగోవాడు కూడా బయటికి జారిపోయి ఉంటే హాఫ్‌బ్యాక్ పాస్ ఇస్తున్నట్టు నటించి తనే దూరతాడు. మెల్‌బోర్న్ స్టార్మ్‌లో క్రెయిగ్ బెలమీ కోచ్‌గా ఉండగా డమ్మీ హాఫ్‌గా కామెరాన్ స్మిత్, హాఫ్‌బ్యాక్‌గా కూపర్ క్రాంక్, వెనక నుంచి వచ్చే ఫుల్‌బ్యాక్‌గా బిల్లీ స్లేటర్ దీన్ని ఏళ్ల తరబడి ఆడారు. ఏం రాబోతోందో ఎదుటివాళ్లకు తెలుసు. తెలిసీ ఆపలేకపోయేవారు. నిర్ణయం డిఫెండర్ కదిలాక తీసుకుంటారు కాబట్టి ముందే తెలియడం వల్ల పెద్దగా లాభం లేదు. ఈ ఎత్తు అందం అదే.

ఎక్కడ చెడుతుంది? అన్నిటికన్నా ఎక్కువగా హాఫ్‌బ్యాక్ పక్కకు పరుగెత్తడం వల్ల. అతను పక్కకు పోతే డిఫెండర్లందరూ అతనితోపాటు పక్కకు జారతారు, ఎవరూ ఎవరికీ కట్టుబడక్కర్లేదు, చివరికి టచ్ లైనే వాళ్లకు అదనపు డిఫెండర్. రెండోది, ఎర తొందరపడటం: పాస్‌కు ముందే వరసను దాటిపోతే అతనికి బంతి రాదని చూసినవాడికల్లా తెలిసిపోతుంది. మూడోది, ఫుల్‌బ్యాక్ ముందే వచ్చి నిలబడి పట్టుకోవడం. అతను బంతిని పరుగులోనే అందుకోవాలి. నాలుగోది చాలామంది చూడరు: రక్ నెమ్మదించడం. ట్యాకిల్ చేసినవాళ్లు మన మనిషిని నేల మీద ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టి ఉంచితే డిఫెన్స్ వరస పూర్తిగా సర్దుకుంటుంది. అప్పుడు ఈ ఎత్తు వేయకుండా మరో ట్యాకిల్ తీసుకోవడమే తెలివి.

దీనికి విరుగుడు కూడా వచ్చింది. డిఫెన్స్‌లో సెంటర్ లేదా వింగర్ ఆగకుండా ముందుకు దూసుకొచ్చి ఫుల్‌బ్యాక్‌ను బంతితోపాటే పట్టేస్తాడు. దీన్ని జామ్ అంటారు. అలా వచ్చినవాడి వెనక మైదానం ఖాళీ కాబట్టి దాడి జట్టు ఆ ఖాళీలోకి గ్రబ్బర్, అంటే నేల మీద దొర్లే కిక్, కొడుతుంది, లేదా ఒకరిని దాటించి వింగర్‌కు పొడవు పాస్ ఇస్తుంది. ఎత్తుకు పైఎత్తు ఇలా సాగుతూనే ఉంది.

ప్రశ్న: అదే ఎత్తుకు ఒకసారి ట్రై ఇస్తారు, ఒకసారి అడ్డగింత అని కొట్టేస్తారు. తేడా ఎక్కడ?

జవాబు: ఎర ఎక్కడ ఆగాడు, బంతి అతనికి ఏ వైపున అందింది అన్న రెండు చోట్ల. ఎర డిఫెండర్‌ను ఢీకొట్టి అతన్ని ట్యాకిల్‌కు వెళ్లకుండా చేస్తే తప్పు. వరసలో ఆగి నిలబడిపోయినా చిక్కే. బంతి పట్టుకున్నవాడు ఎర వెనకగా పరుగెత్తి లాభపడితే అదీ తప్పే. అందుకే ఫుల్‌బ్యాక్ ఎర బయటి భుజం దాటాకే బంతి అందుకోవాలని అంత పట్టుబట్టి నేర్పుతారు. ఎర ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోంచి వెళ్లాలి, ఆగకుండా వరసను దాటి అవతలికి పోవాలి. ఒక్క అడుగు పక్కకు జరిగి మనిషి మీద పడితే ట్రై పోతుంది.

ప్రశ్న: కిక్కులు కూడా సెట్ ప్లేల కిందికే వస్తాయా?

జవాబు: వస్తాయి. 1970లలో ఆస్ట్రేలియా ఆటగాడు జాన్ పియర్డ్ ఆకాశానికి ఎత్తి కొట్టే కిక్‌తో పేరు తెచ్చుకున్నాడు. ఆ కిక్‌ను ‘బాంబ్’ అన్నారు, అతన్ని ‘బాంబర్’ అన్నారు. అది మరీ ఎక్కువయ్యాక, డిఫెండర్ ఇన్‌గోల్‌లో, అంటే తమ గోల్ లైన్ వెనక చోట, బంతిని నేల తాకకముందే పట్టుకుంటే 20 మీటర్ల లైన్ నుంచి అతని జట్టుకే ట్యాప్ అన్న నియమం పెట్టారు. అందుకని ఇప్పుడు బాంబ్‌ను గోల్ లైన్‌కు కాస్త ముందు పడేలా కొడతారు. మీటరు లోతు ఎక్కువైతే ఎదుటివాళ్లకు వరం ఇచ్చినట్టే. గ్రబ్బర్ లక్ష్యం వేరు: డిఫెండర్‌ను ఇన్‌గోల్‌లో పట్టేస్తే గోల్ లైన్ డ్రాపౌట్, అంటే వాళ్లు తమ గోల్ లైన్ నుంచి బంతిని కొట్టాలి, సాధారణంగా బంతి మళ్లీ మనకే.

ప్రశ్న: 2015 ఎన్.ఆర్.ఎల్. ఫైనల్‌లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ చివరి క్షణంలో చేసిన ట్రై సెట్ ప్లేనా?

జవాబు: కాదు. పథకాలన్నీ అయిపోయాక మిగిలిన ఆట అది. జొనాథన్ థర్స్టన్ మీదికొచ్చినవాళ్లను తప్పించుకుని మైకేల్ మోర్గన్‌కు ఇచ్చాడు, మోర్గన్ డిఫెండర్లను తనవైపు లాగి వెనక చేత్తో కైల్ ఫెల్ట్‌కు అందించాడు. అయినా గమనించండి: ఎదుటివాణ్ణి కట్టిపడేశాకే పాస్. మూలసూత్రం మారలేదు.

ప్రశ్న: సిడ్నీలో పద్నాలుగేళ్ల పిల్లల జట్టుకు సాయం చేస్తున్నాను. ఎన్ని ఎత్తులు నేర్పాలి? స్క్రమ్ ఎత్తులు కూడా నేర్పాలా?

జవాబు: రెండు చాలు, కుడికీ ఎడమకూ ఒకేలా. పది పేర్లు బట్టీ పట్టిన పిల్లలు డిఫెండర్‌ను చూడటం మానేసి పేరును గుర్తుచేసుకుంటూ ఉంటారు.

ముందు బంతి ఇచ్చి చుట్టూ తిరిగి మళ్లీ అందుకునే రన్ అరౌండ్ నేర్పండి. పాస్ ఇచ్చినవాడు అందుకున్నవాడి వెనకగా పరుగు తీసి బయట తేలతాడు. వెనకగానే తిరగాలి. అతని ముందు నుంచి తిరిగితే ముందుకు ఇచ్చిన పాస్ లేదా అడ్డగింత అవుతుంది. తర్వాత బ్లాక్ ప్లే. డిఫెన్స్ లేకుండా నడుస్తూ పది సార్లు, మెల్లగా పరుగెత్తుతూ పది సార్లు చేయించండి. ఆ తర్వాత దాడిలో ఐదుగురు, డిఫెన్స్‌లో నలుగురు. మూడోవాడి చెవిలో మాత్రం ఒక మాట చెప్పండి, ఈసారి లోపలే ఉండు అనో, బయటికి జారు అనో. హాఫ్‌బ్యాక్‌కు చెప్పొద్దు. అతను చూసి తేల్చుకోవాలి. తప్పు పాస్ ఇస్తే కసరవద్దు, మూడోవాడి నడుము ఎటు తిరిగి ఉందని అడగండి. జవాబు చెప్పలేకపోతే అతను చూడలేదన్నమాట, వేగం తగ్గించి మళ్లీ నడకకు రండి.

స్క్రమ్ ఎత్తు ఒకటి నేర్పితే లాభమే. బంతి బయటికి వచ్చేదాకా రెండు జట్ల ఆరుగురు ఫార్వర్డ్‌లూ అక్కడే కట్టుబడి ఉంటారు కాబట్టి మైదానంలో ఏడుగురికి ఏడుగురు. ఇంత ఖాళీ మరెక్కడా దొరకదు. ఇప్పుడు స్క్రమ్‌లో బంతి కోసం పోటీ నామమాత్రం, పెట్టిన జట్టుకే వస్తుంది. 2019లో ఎన్.ఆర్.ఎల్. స్క్రమ్‌ను టచ్ లైన్‌కు 10 మీటర్లలోనా, 20లోనా, మధ్యలోనా అన్నది దాడి జట్టు ఎంచుకునే వీలు కల్పించింది కూడా. మీ పిల్లలకైతే ఒక్క జాగ్రత్త: హాఫ్‌బ్యాక్ నుంచి మొదటి పాస్ నడుము ఎత్తులో, అందుకునేవాడి ముందుకు పడాలి. స్క్రమ్ ఎత్తులు ఎక్కువగా ఆ మొదటి పాస్ దగ్గరే చెడిపోతాయి, కాబట్టి మిగతాది మొదలుపెట్టే ముందు ఆ ఒక్క పాస్‌నే పావుగంట చేయించండి.